సాయిబు చేతిలో పడితే

"సాయిబు చేతిలో పడితే చచ్చిన బండి కూడా లేస్తుంది" అనే మాట మా వైపు ఎప్పట్నించో ఉంది. గూడూరులో విన్నాను, నాయుడుపేటలో విన్నాను. సూళ్ళూరుపేటలో పుట్టి పెరిగినవాణ్ణి గనక ఇక్కడ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అది పొగడ్తే. అనేవాళ్ళు మంచి మనసుతోనే అంటారు. అయితే ఆ పొగడ్తలో ఒక గీత గీసి ఉంటుంది. సాయిబు చేతిలో పడితే లేచేది బండి మాత్రమే. బడి కాదు, ఆఫీసు ఫైలు కాదు, అసెంబ్లీ బిల్లు కాదు. మా చేతులు ఎంతవరకు పోవచ్చో ముందే నిర్ణయించి, ఆ నిర్ణయాన్నే మెచ్చుకోలుగా మా చేతిలో పెడతారు. మేమూ సంతోషంగా పుచ్చుకుంటాం. మెచ్చుకోళ్ళు అంత తేలిగ్గా దొరికే జనం కాదు గదా మేము.

ఈ మధ్య ఒక చచ్చిన బండిని కొనాలా వద్దా అని నెలరోజులు కొట్టుమిట్టాడాను. ఆ నెలరోజుల్లో నా పేరూ, నా చేతులూ, మా అబ్బ షెడ్డూ, మా ఊరి పక్క రాకెట్లూ అన్నీ వచ్చి ఆ బండి చుట్టూ చేరాయి. వరసగా చెబుతాను.

బండి శ్రీహరికోటలో ఉంది. సూళ్ళూరుపేట నుంచి పులికాట్ సరస్సుకి అడ్డంగా వేసిన రోడ్డు మీద సుమారు 18 కిలోమీటర్లు పోతే దీవి వస్తుంది. ఒక పక్క పులికాట్, ఒక పక్క బంగాళాఖాతం. చలికాలంలో ఆ రోడ్డుకి రెండు వైపులా రాజహంసలు దిగుతాయి. యానాదులు బతికిన ఆ దీవిని 1969లో రాకెట్ల కోసం ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు అక్కణ్ణించి లేచింది. 2002లో కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు గానీ మా నోళ్ళలో అది ఇప్పటికీ షారే. 2022లో మమ్మల్ని నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మా మాట నెల్లూరి మాటే. కాగితం మీద పేరు మారినంత మాత్రాన మనిషి మారడని మాకంటే బాగా ఎవరికి తెలుసు?

అక్కడ క్వార్టర్సు ఖాళీ చేసి బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్న ఒక పెద్దాయన దగ్గర ఉందా బండి. స్టాండర్డ్ 2000. మద్రాసు రిజిస్ట్రేషన్. పదిహేడేళ్ళుగా తార్పాలిన్ కింద నిలబడే ఉంది. ఆయన పాసు తీయించి నన్ను లోపలికి పిలిపించారు. తార్పాలిన్ లాగారు. నా గుండె ఒక్కసారి ఆగింది. నా చిన్నప్పుడు మద్రాసు నుంచి వచ్చే సినిమావాళ్ళ బండి ఒకటి హైవే మీద మా షెడ్డు ముందు ఆగి నీళ్ళు పోయించుకుని పోయింది. అదే ముక్కు, అదే వాలు వీపు. అంబాసిడర్లూ ఫియట్లూ తిరిగే రోడ్డు మీద ఆ బండి ఏ దేశం నుంచో దారి తప్పి వచ్చినట్టు ఉండేది.

"నలభై అయిదు వేలు ఇవ్వండి మాస్టారూ" అన్నారు పెద్దాయన. "బయటివాళ్ళకైతే నేను అసలు చెప్పను. వాళ్ళు కొని తుక్కు కింద అమ్ముతారు. మీ వాళ్ళ చేతిలో పడితే లేస్తుంది. పైగా మీకు లేబరు ఖర్చు కూడా ఉండదు గదా."

మళ్ళీ అదే మాట. నేను పాతికేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. మూడు ఊళ్ళలో నా దగ్గర చదివిన పిల్లలున్నారు. అయినా ఆయన చూపులో నేను మెకానిక్కు కొడుకునే. స్టాఫ్ రూములో ఎవరి స్కూటరు మొరాయించినా "ఒకసారి చూడండి మాస్టారూ, మీకు తెలుస్తుంది గదా" అంటారు. నిజమే, నాకు తెలుస్తుంది. ప్లగ్గు తీసి తుడిచి పెడతాను, బండి లేస్తుంది. చేతులు కడుక్కుని క్లాసుకి పోయి త్రికోణమితి చెబుతాను. అయితే నాకు ఆ పని తెలిసింది మా అబ్బ షెడ్డులో పెరగడం వల్ల. నా పేరు వల్ల కాదు. ఈ తేడాని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

ఇంతకీ ఇది స్పోర్ట్స్ కారేనా? మా బావమరిది అడిగిన మొదటి ప్రశ్న ఇదే. నాలుగు తలుపులున్న బండిని స్పోర్ట్స్ కారనడం ఏందని వాడి వాదన. వాడికి నేను చెప్పిన కథ మీకూ చెబుతాను. ఈ బండి ఒళ్ళు ఇంగ్లండుది. 1976లో రోవర్ కంపెనీ ఎస్.డి.1 అనే కారు తెచ్చింది. డేవిడ్ బేష్ అనే ఆయన దాన్ని గీశాడు. ముందు భాగం చూస్తే ఫెరారీ డేటోనా గుర్తొస్తుంది. 1977లో యూరప్‌లో ఆ ఏటి మేటి కారుగా ఎంపికైంది. లోపల మూడున్నర లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను, 155 హార్స్‌పవర్. అక్కడి పోలీసులు హైవేల మీద దొంగల్ని తరమడానికి దాన్నే వాడారు. రేసుల్లో కూడా పరిగెత్తించారు.

దాని అచ్చుల్ని మద్రాసు స్టాండర్డ్ కంపెనీ తెచ్చుకుంది. తాంబరం దాటాక వండలూరు వైపు వాళ్ళ ఫ్యాక్టరీ. స్టాండర్డ్ హెరాల్డ్, గజెల్ చేసినవాళ్ళు వాళ్ళే. 1985లో స్టాండర్డ్ 2000 వచ్చింది. ఒళ్ళు రోవర్‌దే గానీ బానెట్టు ఎత్తితే లోపల 1991 సి.సి. నాలుగు సిలిండర్ల పాత వాన్‌గార్డు ఇంజను. 83 హార్స్‌పవర్. అంత బరువైన ఒంటికి ఆ బలం చాలలేదు. పులి తోలు కప్పుకున్న ఎద్దు అని నవ్వారు జనం. 1988 నాటికే దాని తయారీ ఆగిపోయింది. తర్వాత ఆ ఫ్యాక్టరీ కూడా మూతబడింది.

నవ్వినవాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. ఆ వాన్‌గార్డు ఇంజను జాతి చిన్నదేం కాదు. ఇంగ్లండులో కోవెంట్రీ అనే ఊళ్ళో స్టాండర్డ్ కంపెనీయే దాన్ని చేసింది. కొలతలు కొంచెం అటూ ఇటూగా మార్చి అదే ఇంజనును మూడు ఇళ్ళకి పంపారు. వాన్‌గార్డు కారుకి పంపారు. ఫెర్గూసన్ ట్రాక్టరుకి పంపారు. 1953లో వచ్చిన ట్రయంఫ్ టి.ఆర్.2 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకీ పంపారు. టి.ఆర్.2 ఇంజను కూడా సరిగ్గా 1991 సి.సి.యే. అంటే ఒకే తల్లి బిడ్డల్లో ఒకటి మడి దున్నింది, ఒకటి రేసులో పరిగెత్తింది. మడి దున్నేదాన్ని చూసినవాళ్ళు ఇది ట్రాక్టరు ఇంజను, దీనికి పరుగేందన్నారు. రేసు చూసినవాళ్ళు అదే ఇనుముకి చప్పట్లు కొట్టారు. ఇనుములో తేడా లేదు. ఎక్కడ బిగించారన్నదే తేడా.

ఈ మాట దగ్గర నా బావమరిది నవ్వాడు. "లెక్కల మాస్టరువి, ఇంజన్లో కూడా రిజర్వేషన్ల సంగతి చూస్తావా?" అన్నాడు. ఎందుకు చూడకూడదు? 2006 నవంబరులో సచార్ కమిటీ రిపోర్టు ఇచ్చింది. దేశంలో పనిచేసే ముస్లింలలో నూటికి అరవై మందికి పైగా ఎవరి పని వాళ్ళే చూసుకునేవాళ్ళు. ఐ.ఏ.ఎస్.లలో మేం నూటికి ముగ్గురం, ఐ.పి.ఎస్.లలో నలుగురం. జీతం, సెలవు, పింఛను ఉన్న చోట మేం పలచగా ఉంటాం. రోడ్డు పక్క రేకుల షెడ్డులో, తోపుడుబండి వెనక, కుట్టుమిషను ముందు చిక్కగా ఉంటాం. దీన్ని చూసి మా రక్తంలోనే గ్రీజు ఉందనుకుంటే ఎట్టా?

మా తాత ఎద్దులకీ జట్కా గుర్రాలకీ లాడాలు కొట్టేవాడు. జట్కాలు పోయి లారీలు వచ్చాయి. ఆయన కొడుకు సుత్తి పెట్టేసి పానా పట్టాడు. మద్రాసు - కలకత్తా రోడ్డు మా ఊరి మీదుగా పోతుంది గనక లారీలకి కొదవ లేదు. చెడిపోవడానికీ కొదవ లేదు. మా షెడ్డు పుట్టుక వెనక ఉన్న చరిత్ర అంతే. పొలం లేదు, చదువు లేదు, సిఫారసు లేదు. చేతులున్నాయి.

2007లో రాష్ట్రంలో ముస్లింలలోని వెనకబడిన వర్గాలకి నాలుగు శాతం రిజర్వేషను ఇస్తూ చట్టం చేశారు. బి.సి. - ఇ అని పేరు. 2010లో హైకోర్టు దాన్ని కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో నిలిచింది. ఆ జాబితాలో 14 వర్గాలున్నాయి. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, హజాములు, ఖురేషీలు, గారడీ సాయిబులు, తురక కాశవాళ్ళు... ఒక్కొక్క పేరు వెనకా ఒక పని. బట్టల మీద అచ్చు, అత్తరు, చాకలి పని, మంగలి పని, మాంసం, గారడీ, రాతి పని. ఆ జాబితా చదివినప్పుడల్లా నాకొకటి తోస్తుంది. మోటారు మెకానిక్కు అనే పేరు అందులో లేదు. ఉండదు కూడా, ఎందుకంటే ఆ పని మిగతావాటంత పాతది కాదు. కానీ ఇంకో రెండు తరాలు ఇట్టాగే తండ్రి పానా కొడుకు చేతికి పోతూ ఉంటే, మా మనవల నాటికి "పానా సాయిబులు" అని పదిహేనో పేరు చేర్చాల్సి వస్తుంది. పని కులమయ్యేది ఇట్టాగే. కళ్ళ ముందు అవుతున్నా మనకి తెలియదు.

మా అబ్బకి ఈ సంగతి ఏ కమిటీ రిపోర్టూ చదవకుండానే తెలుసు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక అయ్యవారు ఆయనతో అన్నారు: "లెక్కలు రాకపోతే ఏమిలే సాయిబూ, షెడ్డుంది గదా వాడికి." అబ్బ ఆ రోజు ఇంటికొచ్చి నా చేతిలో పానా లాక్కున్నాడు. "ఇక మీదట దీన్ని ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా" అన్నాడు. సెలవు రోజుల్లో కూడా షెడ్డులోకి రానివ్వలేదు. నేను గోడ బయట నిలబడి చప్పుళ్ళు విని ఏ పని జరుగుతుందో పోల్చుకునేవాణ్ణి. అట్టా నేర్చుకున్నదే ఎక్కువ. ఆయన పంతం గెలిచింది. నేను మాస్టరునయ్యాను. ఇప్పుడు యాభై ఏళ్ళ వయసులో చచ్చిన కారొకటి కొని, బనీను మీద జిడ్డు పూసుకుంటానంటే ఆయన ముఖం ఎట్టా చూడాలి? నా దగ్గరున్న మొదటి ప్రశ్న అది. నలభై అయిదు వేలు ఆ తర్వాతే.

రెండో ప్రశ్న మా ఇంట్లో ఆవిడ వేసింది. "ఉస్కూ లేకో క్యా కర్తే?" అని మొదలుపెట్టి తెలుగులోకి వచ్చింది. కోపం పెరిగితే ఆమె తెలుగులోకి వస్తుంది. "పాప ఫీజు కట్టాలి. అది పక్కన పెట్టండి. షార్ పక్కన ఉన్నాం మనం. రాత్రిళ్ళు షెడ్డులో లైటు, పైపులు, వైర్లు, పెట్రోలు డబ్బాలు. ఎవడన్నా ఒకడు ఫోను కొడితే? రెడ్డిగారబ్బాయి చేస్తే హాబీ అంటారండీ. మనం చేస్తే కేసు."

సెక్యులర్ మిత్రులు కొందరు ఈ మాట విని నొచ్చుకున్నారు. ఇంత భయం అవసరమా అన్నారు. మా ఊళ్ళో మాకు ఎవరితోనూ గొడవల్లేవు, నిజమే. పండగకి సేమ్యా వాళ్ళిళ్ళకి పోతుంది, సంక్రాంతికి అరిసెలు మా ఇంటికొస్తాయి. కానీ భయం ఊరిని బట్టి రాదు, వార్తల్ని బట్టి వస్తుంది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకి పోయి చచ్చిపోయినవాళ్ళు ముస్లింలు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయినవాళ్ళలోనూ చాలామంది ముస్లిం కుర్రాళ్ళే. వాళ్ళు నిర్దోషులని తర్వాత తేలింది. ప్రభుత్వం నష్టపరిహారం కూడా ప్రకటించాల్సి వచ్చింది. కానీ ఆ మధ్యలో పోయిన ఏళ్ళని ఏ పరిహారం తిరిగిస్తుంది? ఆ వార్త చదివిన ప్రతి ముస్లిం తల్లీ, ప్రతి ముస్లిం భార్యా ఇంట్లో ఒక మూల పడి ఉన్న వైరు ముక్కని కూడా వేరే కళ్ళతో చూసింది. మా ఆవిడ భయానికి మూలం అక్కడుంది. దాన్ని పిరికితనం అనే హక్కు నాకు లేదు.

ఒక మిత్రుడు సలహా చెప్పాడు. షెడ్డు తలుపు ఎప్పుడూ తీసే ఉంచు, అందరికీ కనపడేట్టు పని చెయ్యి అని. మంచి సలహాలాగే ఉంది. రాత్రంతా ఆలోచించాను. నా షెడ్డు తలుపు నేనెందుకు తీసి పెట్టాలి? ఉక్కగా ఉంటే తీస్తాను, వాన జల్లు కొడితే వేస్తాను. నిర్దోషిత్వానికీ తలుపుకీ సంబంధం పెట్టడం మొదలైతే, రేపు కిటికీ తీయమంటారు, ఎల్లుండి గోడ కూల్చమంటారు. ఎవరూ అడగకముందే మనమే కూల్చుకుంటాం. ముప్పై ఏళ్ళుగా మేం చేస్తున్న పని ఇదే. 1992 డిసెంబరు 6 తర్వాత మాలో చాలామంది గొంతు తగ్గించి మాట్లాడ్డం నేర్చుకున్నారు. గొంతు తగ్గించినందుకు ఎవరూ మాకు కొత్తగా ఇచ్చింది ఏమీ లేదు.

ఇక శ్రీహరికోట అనగానే ఒక పేరు రాకుండా ఉండదు. మా పిల్లలు బళ్ళో కూచున్నప్పటి నుంచి వినే పేరు. "కలాంలాగా కావాలి." అబ్దుల్ కలాంగారంటే నాకు గౌరవం. ఆయన ప్రాజెక్ట్ డైరెక్టరుగా చేసిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 22 మీటర్ల పొడుగు, 17 టన్నుల బరువు. 1979 ఆగస్టు 10న మొదటిసారి లేచి, అయిదు నిమిషాలు దాటీ దాటకముందే సముద్రంలో పడింది. రెండో దశలో ఒక వాల్వు సరిగా మూసుకోక లీకయింది. ఆ సంగతి తెలిసి మా అబ్బ ఆశ్చర్యపోయాడంట. "అంత పెద్ద రాకెట్టుకీ కార్బరేటరు జబ్బేనా!" అన్నాడంట. ఆ రోజు విలేకరుల ముందుకొచ్చి మాట పడింది సతీష్ ధావన్‌గారు. 1980 జులై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు విలేకరుల ముందుకి కలాంగారిని పంపింది కూడా ఆయనే.

కలాంలాగా కావాలి అనేవాళ్ళు ఆయన కథలో ఒక పేజీని తొందరగా తిప్పేస్తారు. రామేశ్వరంలో ఆయన తండ్రి తన చేతుల్తో చెక్క పడవ కట్టారు. యాత్రికుల్ని ధనుష్కోడికి చేర్చడానికి. తుఫాను వచ్చి ఆ పడవని ఎత్తుకుపోయింది. మద్రాసులో ఇంజనీరింగు చదువుకి డబ్బు లేకపోతే అక్క జొహరా తన బంగారు గాజులూ గొలుసూ తాకట్టు పెట్టింది. పడవ కట్టిన చేతులు, గాజులు తీసిన చేతులు. వాటి తర్వాతే రాకెట్టు. మమ్మల్ని కలాంలాగా కమ్మనేవాళ్ళు మా పడవలకి ఇంత చెక్క కూడా ఇప్పించరు. అసలు ఒక జాతి మొత్తానికి రెండే గదులు చూపిస్తే ఎట్టా? ఒక గదిలో రాష్ట్రపతి, ఇంకో గదిలో మెకానిక్కు. మధ్యలో ఎవరూ ఉండకూడదా? లెక్కల మాస్టరై ఉండి సాయంత్రం పూట సరదాకి కారు విప్పుకునే మామూలు ముస్లింకి చోటు లేదా?

ఆ 'సరదా' అన్నమాట దగ్గరే నా మనసు నిలబడిపోయింది. మేం చేసే పనులన్నిటికీ కారణాలుంటాయి. కడుపు కోసం, పిల్ల పెళ్ళి కోసం, అప్పు కోసం. ఊరికే, ఇష్టం కొద్దీ చేసే పని మా ఇళ్ళలో చాలా తక్కువ. ఉన్నవాళ్ళు పాత కార్లు బాగుచేయించి ర్యాలీలకి పోతారు, వాళ్ళ ఫోటోలు పేపర్లో వస్తాయి. ఫోటోలో బానెట్టు మీద చెయ్యేసి నిలబడేది ఓనరు. ఆ బానెట్టు కింద ఆరునెలలు పడుకున్న మనిషి ఫోటోలో ఉండడు. చాలాసార్లు అతని పేరు మా పేర్లలాగే ఉంటుంది.

ఇక్కడికొచ్చాక కాగితం తీసి లెక్క వేశాను. పదిహేడేళ్ళు ఉప్పుగాలిలో నిలబడ్డ బండి. శ్రీహరికోటలో సైకిలు చక్రం కూడా ఆర్నెల్లకి తుప్పు పడుతుంది. స్క్రూడ్రైవరు పెట్టి పొడిచి చూశాను. తలుపుల కింది పట్టీలు రెండు వైపులా లోపలికి దిగిపోయాయి. ఫ్లోరు రేకు డ్రైవరు వైపు పోయింది. టింకరు పనికి, పెయింటుకి అరవై వేలు. బ్రేకు సిలిండర్లు నాలుగూ పట్టేశాయి. రేడియేటరు, పెట్రోలు ట్యాంకు, వైరింగు, రబ్బర్లు, టైర్లు కలిపి ఎనభై వేలు. ముందు అద్దం పగిలితే మాత్రం దేవుడే దిక్కు, ఎందుకంటే ఆ అద్దం కొట్లో దొరికే సరుకు కాదు. కాగితాల ఖర్చు వేరే. తమిళనాడు నుంచి ఎన్.ఓ.సి. తేవాలి, ఇక్కడ పన్ను కట్టాలి. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను రెన్యువలు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలు చేశారు, తర్వాత ఇంకా పెరిగింది. 2021లో వింటేజి బండ్లకి వేరే రూల్సు పెట్టారు గానీ దానికి యాభై ఏళ్ళు నిండాలి. మన బండికి ఇంకా నిండలేదు. కొత్తదీ కాదు, ఘనమైన పాతదీ కాదు.

కాగితం చివర ఒక గడి ఖాళీగా ఉంది. లేబరు. దాన్ని ఎట్టా నింపాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను. స్పేరు పార్టు ధర ఎంత చెప్పినా జనం కట్టేస్తారు, దానికి బిల్లుంటుంది గనక. లేబరు దగ్గరికి వచ్చేసరికి బేరం మొదలవుతుంది. "రెండు బోల్టులు బిగించావు, దానికింతా?" అంటారు. ఏ రెండు బోల్టులో తెలుసుకోవడానికి పట్టిన నలభై ఏళ్ళకి బిల్లు ఎవరిస్తారు? మా అబ్బ జీవితమంతా ఈ బేరంలోనే పోయింది. పెద్దాయన కూడా ఆ మాటే అన్నాడు గదా, మీకు లేబరు ఖర్చు ఉండదు అని.

ఒక ఆదివారం అబ్బని వెంటబెట్టుకుని దీవికి పోయాను. రానన్నాడు. "తుఝే పఢాయా ఇస్కే వాస్తే?" అన్నాడు. నిన్ను చదివించింది దీనికోసమా అని. అయినా వచ్చాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. బానెట్టు ఎత్తగానే ఆయన వీపు నిటారయింది. వంగి చూశాడు, చేత్తో తడిమాడు. "యే తో ఫెర్గూసన్‌కా భాయీచ్ హై రే!" అన్నాడు. నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్న చుట్టరికాన్ని ఆయన వేళ్ళతో కనుక్కున్నాడు. కుర్రతనంలో మా వైపు వరి రైతుల దగ్గర పాత ఫెర్గూసన్ ట్రాక్టర్లు విప్పి బిగించిన చేతులవి.

ఇంజను పట్టేసి ఉంది. అబ్బ ప్లగ్గులు నాలుగూ తీయించాడు. డీజిలూ ఇంజనాయిలూ కలిపి సిలిండర్లలో పోయించాడు. "వారం ఆగు. బలవంతం చెయ్యబాక" అన్నాడు. వారం తర్వాత పోయి క్రాంకు పుల్లీకి పెద్ద పానా తగిలించి మెల్లగా నొక్కాం. మొదట కదల్లేదు. అబ్బ పానాని ఈ పక్కకి కొంచెం, ఆ పక్కకి కొంచెం ఊపుతూ కూచున్నాడు. ఇరవై నిమిషాలకి ఎక్కడో లోపల చిన్న మూలుగు. పావు చుట్టు తిరిగింది. "లైనర్లు ఊడొచ్చే రకం ఇది. పాడైనా మార్చుకోవచ్చు. ఇంజను బతుకుతుంది. ఒళ్ళు సంగతే చూసుకోవాల" అన్నాడు. ఆ తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు: "నిన్ను పానా ముట్టబాకన్నది పానా చెడ్డదని కాదు. అదొక్కటే నీకు రాసిపెట్టారు గనక వద్దన్నాను."

నా మొదటి ప్రశ్నకి జవాబు దొరికింది. వేరే దారి లేక పట్టుకున్న పానా వేరు, వేరే దారి ఉండీ పట్టుకున్న పానా వేరు. మొదటిది మాకు లోకం ఇచ్చింది. రెండోది నేను తీసుకుంటున్నాను.

పెద్దాయన ముందు నా కాగితం పెట్టాను. లేబరు గడిలో అరవై రోజులు, రోజుకి వెయ్యి, అరవై వేలు అని రాసి ఉంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఇదేంటి మాస్టారూ, మీ నాన్నగారే గదా చేసేది?" అన్నారు. "అవును సార్" అన్నాను. "మీరు అన్నేళ్ళు సర్వీసు చేసి జీతం తీసుకున్నారు, పింఛను తీసుకుంటున్నారు. ఆయనకీ అన్నేళ్ళ సర్వీసుంది. ఆయన పని ఊరికే వచ్చేది అనుకుంటే ఈ బండి నలభై అయిదు వేలు. ఆయన పనికి ధర కడితే ముప్పై." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మంచి మనిషి. చివరికి "ఈ లెక్క నాకు తట్టలేదు" అని ముప్పైకి ఒప్పుకున్నారు.

ఇంట్లో ఆవిడని ఒప్పించానని చెప్పను. పాప ఫీజు కట్టేశాక, ఏడాదికి ఇంత అని హద్దు పెట్టుకున్నాక, ఆమె ఊరుకుంది. భయం పోయిందా అంటే పోలేదు. భయంతో పాటే బతకడం మాకు అలవాటు. భయం కోసం బతకడం మానేద్దామని మాత్రం అనుకున్నాం. బండి ఎప్పటికి నడుస్తుందో, అసలు నడుస్తుందో లేదో చెప్పలేను. నడిచినా 83 హార్స్‌పవర్‌తో ఎవర్నీ దాటిపోదు. పులికాట్ రోడ్డు మీద రాజహంసల పక్కన మెల్లగా పోతే చాలు నాకు.

బదిలీ ఫారంలో కొనేవారి పేరు దగ్గర మా అబ్బ పేరు రాశాను. ఎన్నో వందల బండ్లు లేపిన మనిషి పేరు మీద ఇంతవరకు ఒక్క బండి లేదు. ఆయన మొదట వద్దన్నాడు, తర్వాత ఫారం తీసుకుని తన పేరులో అక్షరాలన్నీ సరిగా ఉన్నాయా అని ఒక్కొక్కటే చూసి, కింద సంతకం చేశాడు.